ఒంటి కబురు తెచ్చే బట్ట

గద్వాలలో మా మేనమామ ఇంట్లో మగ్గం గది వాకిలి పక్కనే ఉంటుంది. గుంట మగ్గం. గుంటలోకి కాళ్లు దించి కూర్చుంటే మనిషి నడుము దాకా నేలలో పాతుకున్నట్టు కనిపిస్తాడు. పైన చేతులు నాడెను అటూ ఇటూ ఆడిస్తుంటే, కింద పాదాలు తొక్కుడు చెక్కల మీద వంతులవారీగా పడుతుంటాయి. నలభై ఏళ్లుగా మామ ఆ చెక్కల వంక తల వంచి చూసింది లేదు. ఏ చెక్క మీద ఎంత బరువు వేయాలో పాదాలకే తెలుసు.

ఆరేళ్ల కిందట ఒక సాయంత్రం అత్త గచ్చు మీద మరకలు చూసింది. మగ్గం గది నుంచి పెరటి దాకా అడుగడుక్కీ రూపాయి బిళ్లంత ఎర్ర మరక. "ఏందయ్యా ఈ నెత్తురు?" అని ఆమె అరిచేదాకా మామకు సంగతే తెలియదు. చెక్కకు కొట్టిన మేకు ఒకటి పైకి లేచి, కుడికాలి బొటనవేలి కింద కండలో దిగుతూ వచ్చింది. ఆ పూట ఎన్ని వందలసార్లు ఆ చెక్కను తొక్కాడో. "నొప్పి లేదు గదా, ఏం గాలే" అన్నాడు. మమ్మల్ని భయపెట్టింది నెత్తురు కాదు, ఆ మాట. పదిహేనేళ్ల షుగర్ ఆయన పాదాల్లోంచి నొప్పిని చడీచప్పుడూ లేకుండా ఎత్తుకుపోయింది. మూడు నెలలు కట్లు కట్టించుకున్నాం, రెండు ఆపరేషన్లు చేయించాం. చివరికి వేలు దక్కలేదు.

సెన్సర్లు కలిపి నేసిన బట్టల గురించి నేను చదవడం మొదలుపెట్టింది అప్పటినుంచే. గుండె కొట్టుకోవడాన్ని లెక్కపెట్టే బనియన్లు, ఊపిరిని కొలిచే చొక్కాలు, పాదం వేడిని పసిగట్టే సాక్సులు. వీటి గురించి వచ్చే ప్రతి వార్తనూ ఒకే ప్రశ్నతో చదువుతాను: ఇది ఉంటే మామ వేలు దక్కేదా?

పాదం వేడెక్కితే

ఆ ప్రశ్నకు అందరికన్నా దగ్గరగా వచ్చినవి సాక్సులు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని సైరెన్ అనే సంస్థ తయారు చేసేవి చూడ్డానికి మామూలు సాక్సుల్లాగే ఉంటాయి. నూలులో కలిసిపోయేంత చిన్న ఉష్ణోగ్రత సెన్సర్లు అరికాలి కింద 6 చోట్ల ఉంటాయి: బొటనవేలు, వేళ్ల మొదళ్ల దగ్గర మూడు చోట్ల, పాదం నడిమి భాగం, మడమ. షుగర్ ఉన్నవాళ్ల పాదానికి పుండు ఒక్క రాత్రిలో పడదు. ముందు లోపలి కండ నలుగుతుంది. నలిగిన చోటికి రక్తం ఎక్కువగా చేరి, వాపు మొదలై, పైచర్మం వేడెక్కుతుంది. నరాలు బాగుంటే ఆ దశలోనే కాలు సలుపుతుంది, మనం కుంటుతాం, బరువు రెండో కాలి మీదకు మారుస్తాం. నరాలు మొద్దుబారితే కుంటే అవసరమే తెలియదు. ఉన్న చోటే మళ్లీ మళ్లీ తొక్కుతాం.

అందుకని డాక్టర్లు ఒక ఉపాయం పట్టారు. కుడి పాదంలో ఒక చోటి వేడిని ఎడమ పాదంలో సరిగ్గా అదే చోటి వేడితో పోల్చాలి. తేడా 2.2 డిగ్రీల సెల్సియస్ దాటితే లోపల ఏదో నలుగుతోందని అర్థం. ఇది సాక్సులతో పుట్టిన ఆలోచన కాదు. 2000ల దశకంలో అమెరికాలో జరిగిన పరీక్షల్లో రోగుల చేతికి చిన్న థర్మామీటర్లు ఇచ్చి, రోజూ ఇంట్లోనే రెండు పాదాలనూ చూసుకోమన్నారు. తేడా కనిపిస్తే నర్సుకు ఫోన్ చేయాలి, అది తగ్గేదాకా నడక తగ్గించాలి. అలా చేసినవాళ్లలో పుండ్లు బాగా తగ్గాయి. సాక్సు చేసిందల్లా ఆ థర్మామీటర్‌ను బట్టలోకి తేవడం. గుర్తుపెట్టుకుని కొలుచుకోవాల్సిన పని లేకుండా, తొడుక్కుంటే చాలు, అంకెలు ఎక్కడో కూర్చున్న నర్సుకు చేరతాయి.

ఇది మనకెంత అవసరమో చెప్పడానికి ఒక్క లెక్క చాలు. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో దేశమంతటా జరిగిన సర్వే ఫలితాలు 2023 జూన్‌లో వెలువడ్డాయి. షుగర్ ఉన్నవాళ్లు 10.1 కోట్ల మంది, దాని గుమ్మంలో ఉన్నవాళ్లు మరో 13.6 కోట్ల మంది. వాళ్లలో ఎందరికి ఎప్పుడైనా పాదం పరీక్ష జరిగి ఉంటుంది? ఆ పరీక్షకు పెద్ద యంత్రం కూడా అక్కర్లేదు. పుల్లకు బిగించిన నైలాన్ పోగు ఒకటి ఉంటుంది. సరిగ్గా 10 గ్రాముల ఒత్తిడి దగ్గర వంగేలా తయారు చేస్తారు. దాన్ని అరికాలి మీద ఒక్కోచోట ఆనించి "తెలుస్తోందా?" అని అడుగుతారు. మామకు ఆ పరీక్ష చేసిన రోజు నేను పక్కనే ఉన్నాను. ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు. డాక్టరమ్మ పది చోట్ల పోగు ఆనించింది. ఆయన రెండుసార్లు మాత్రం "ఆఁ" అన్నాడు. అందులో ఒకసారి ఆమె పోగును అసలు తాకించనే లేదు.

అయితే ఆ సాక్సును మామకు తొడుగుదామంటే మొదటి అడ్డంకి కళ్ల ముందే ఉంది. ఆయన పుట్టి బుద్ధెరిగాక సాక్సు తొడుక్కోలేదు. గద్వాల మే నెల ఎండలో ఎవరు తొడుగుతారు? ఇంట్లో వట్టి కాళ్లు, మగ్గంలో వట్టి కాళ్లు, గుళ్లో వట్టి కాళ్లు. బయటికి వెళ్తే తోలు చెప్పులు. ఎండకు కాగిన గుడి బండల మీద ప్రదక్షిణలు చేసి, ఇంటికొచ్చాక అరికాళ్లు బొబ్బలెక్కి ఉండటం చూసుకుని నివ్వెరపోయే షుగర్ రోగులు మన దగ్గర ఉన్నారు. చలిదేశంలో పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా సాక్సులోనే ఉండే పాదం కోసం చేసిన వస్తువు, మన పాదానికి రోజులో గంటసేపు కూడా తోడుండదు. అది సాంకేతికత తప్పు కాదు, మన పాదం తప్పు అంతకన్నా కాదు. మన కోసం చేసేవాళ్లు మన కాళ్ల నుంచి మొదలుపెట్టాలి. చెప్పు అట్టలో పెట్టాలా, గుమ్మం ముందు కాళ్లు తుడుచుకునే పట్టాలో పెట్టాలా, తొక్కుడు చెక్క మీదే పరవాలా అన్న ప్రశ్న శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టదు.

వెల్లూరు డాక్టరు చేసిన తొడుగు

సెన్సర్లు పెట్టిన తొడుగులంటే ఈ శతాబ్దపు వింత అనుకుంటాం. మొద్దుబారిన చేతులకూ కాళ్లకూ నొప్పిని తిరిగి తెచ్చివ్వాలని మన పొరుగున పనిచేసిన ఒక డాక్టరు ఎప్పుడో ప్రయత్నించారు. ఆయన పేరు పాల్ బ్రాండ్. 1914లో తమిళనాడులోని కొల్లి కొండల్లో పుట్టారు. 1946లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చి కుష్ఠు రోగుల చేతులకూ పాదాలకూ వైద్యం చేశారు. ఆ జబ్బుతో వేళ్లు కుళ్లి రాలిపోతాయని అంతా నమ్మే రోజులవి. ఆయన రోగుల వెంట ఉండి గమనించి తేల్చింది వేరు. వేళ్లు వాటంతటవి రాలవు. నొప్పి తెలియక కాల్చుకుంటారు, కోసుకుంటారు, గుచ్చుకున్న మేకు మీదే నడుస్తారు. రాత్రి నిద్రలో ఎలుక కొరికినా లేవరు. దానికి ఆయన కనుక్కున్న మందు పిల్లి. ఇంటికి వెళ్లే రోగితో పాటు ఒక పిల్లినీ పంపేవారు.

1966లో ఆయన అమెరికాలోని లూసియానా రాష్ట్రం, కార్‌విల్ ఆసుపత్రికి వెళ్లారు. అక్కడ ఇంజినీర్లతో కలిసి, ఒత్తిడిని కొలిచే సెన్సర్లు అమర్చిన గ్లౌజులూ సాక్సులూ తయారు చేయించారు. ఒత్తిడి హద్దు దాటితే చెవిలో మోత వినిపించాలి. సెన్సర్లు తరచూ పాడయ్యేవి, అది వేరే గోల. అసలు చిక్కు మనిషి దగ్గర వచ్చింది. మోత వినపడినా రోగులు పని ఆపలేదు. ఆపాల్సినంత ప్రమాదమని వాళ్లకు అనిపించలేదు. అప్పుడు మోత తీసేసి, శరీరంలో ఇంకా స్పర్శ మిగిలిన చోట, చంకలో, చిన్నగా కరెంటు షాక్ తగిలేలా పెట్టారు. షాక్ తగిలితే ఉలిక్కిపడేవాళ్లు. కానీ ఏదైనా గట్టిగా తిప్పాల్సిన పని వస్తే ముందు స్విచ్ ఆపేసి, పని కానిచ్చుకుని, తర్వాత మళ్లీ స్విచ్ వేసుకునేవాళ్లు. బ్రాండ్ ఆ ప్రయోగాన్ని వదిలేశారు. 1993లో ఫిలిప్ యాన్సీతో కలిసి రాసిన పుస్తకంలో ఈ వైఫల్యాన్ని ఆయన ఏదీ దాచకుండా చెప్పుకున్నారు. మన చేతుల్లో స్విచ్ లేకపోవడమే నొప్పికున్న బలమని ఆయనకు అక్కడ అర్థమైంది.

ఆ పుస్తకం చదువుతూ ఈ పేజీల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఇవాళ మనం కొనే ప్రతి వాచీకీ, ప్రతి స్మార్ట్ చొక్కాకూ స్విచ్ ఉంది. ఫోన్‌లో వచ్చే హెచ్చరికను వేలితో పక్కకు తోసేయొచ్చు. సెన్సర్లు వెయ్యి రెట్లు మెరుగయ్యాయి. స్విచ్ ఆపే చెయ్యి మాత్రం అదే.

గ్లౌజు నిలవకపోయినా, కుష్ఠు వైద్యంలో పుట్టిన మరో తొడుగు నిలిచింది. ఎంసీఆర్ చెప్పులు. మైక్రోసెల్యులార్ రబ్బరు, అంటే లోపల సన్నటి గాలి బుడగలు నిండిన మెత్తటి రబ్బరు అట్ట. మడమ వెనక పట్టీ. ఎక్కడా మేకు కొట్టరు. ఇవాళ షుగర్ రోగులకూ అవే రాస్తున్నారు. వాటిలో సెన్సర్ లేదు. ఒత్తిడి ఒకేచోట పడకుండా పాదమంతా పంచుతాయి, అంతే. వేలు పోయాక ఇప్పుడు మామ వాటిని వేసుకునే గుంటలోకి దిగుతున్నాడు.

అమ్మ పెళ్లి చీర

ఒక ఆదివారం జరీలో కరెంటు పారుతుందేమోనన్న కుతూహలం ఆపుకోలేక కరెంటు పనివాళ్లు వాడే మల్టీమీటర్ తెచ్చి అమ్మ పెళ్లి చీర మీద పెట్టాను. మామ వాళ్ల నాన్న, అంటే మా తాత, నేసిన గద్వాల చీర అది. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. రెండింటినీ కుప్పడం పద్ధతిలో కలుపుతారు. అంచులో పాతకాలం జరీ. మీటర్ ముళ్లు రెండూ ఒకే జరీ పోగు మీద జానెడు ఎడంగా ఆనించాను. బీప్ మంది. కరెంటు పారుతోంది! అదే ముళ్లు ఈమధ్య కొన్న చీర అంచు మీద పెడితే చప్పుడు లేదు. అసలు జరీ అంటే పట్టు పోగు చుట్టూ వెండి రేకును చుట్టి, పైన బంగారు పూత పూసిన దారం. ఇప్పుడు ఎక్కువగా వచ్చేది మెరుపు పూసిన ప్లాస్టిక్. కళ్లకు రెండూ ఒకటే. మీటరుకు మాత్రం తెలిసిపోయింది. అమ్మ ముఖం మీద ఆ బీప్‌కు వచ్చిన నవ్వు ఇంకా గుర్తుంది.

నేను ఏదో కొత్తగా కనిపెట్టలేదు. అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో రెమీ పోస్ట్, మ్యాగీ ఆర్థ్ అనే ఇద్దరు 1997లో ఉతకగలిగే కంప్యూటర్ల గురించి ఒక పత్రం రాశారు. బట్ట మీదే సర్క్యూట్ వేయాలంటే దారంలో కరెంటు పారాలి. వాళ్ల చేతికి దొరికిన మొదటి మంచి బట్టల్లో ఒకటి భారతదేశంలో నేసే పట్టు ఆర్గాంజా. పట్టు పోగు చుట్టూ సన్నటి లోహపు రేకు చుట్టిన నేత. పాతకాలపు టెలిఫోన్ తీగనూ ఇలాగే చేసేవారని వాళ్లు గుర్తించారు. ఒకవైపు పోగుల్లో మాత్రమే కరెంటు పారుతుంది, అడ్డంగా పారదు. అలాంటి రెండు ముక్కల్ని నిలువూ అడ్డంగా పరిచి, మధ్యలో చిల్లుల బట్ట పెడితే, వేలితో నొక్కిన చోట రెండూ తగిలి కీబోర్డ్ అయిపోతుంది. పడుగూ పేకా కలిసే చోటే మీట. ఈ సంగతి చెబితే మామ ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "పడుగు పేక కలిసే కాడనే గదా బిడ్డా బట్టయ్యేది" అన్నాడు.

దానికి ఒక ఏడాది ముందు, 1996లో, జార్జియా టెక్‌లో సుందరేశన్ జయరామన్ బృందం మరో అడుగు వేసింది. ఆయన మద్రాసులో చదువుకుని అమెరికా వెళ్లిన బట్టల ఇంజినీరు. అమెరికా నౌకాదళం నిధులతో సైనికుల కోసం ఒక చొక్కా నేశారు. గొట్టంలా, కుట్టు లేకుండా నేసిన ఆ బట్టలో ఆప్టికల్ ఫైబర్ ఒళ్లంతా చుట్టుకుంటూ పోతుంది. తూటా దిగితే ఫైబర్ తెగుతుంది, అందులోని వెలుగు ఆగుతుంది, గాయం ఎక్కడ తగిలిందో తెలుస్తుంది. గుండె, ఊపిరి, ఒంటి వేడి కొలిచే సెన్సర్లను బట్టకు తగిలించుకోవచ్చు. కంప్యూటర్ మదర్‌బోర్డులో చిప్‌లు గుచ్చినట్టు చొక్కాలో సెన్సర్లు గుచ్చడం అన్నమాట. పేరూ అదే పెట్టారు, ధరించే మదర్‌బోర్డ్ అని. నాకు ఇందులో నచ్చేది తూటా సంగతి కాదు. బట్టకు సెన్సర్ అతికించే పని వదిలేసి, బట్టనే తీగగా చూడటం. అది నేతగాడి చూపు.

ఉతుకుడు బండ ముందు

గుండె దగ్గరికొస్తే కథ పొడవైనది. విల్లెమ్ ఐంథోవెన్ అనే డచ్ శాస్త్రవేత్త 1900ల తొలినాళ్లలో ఈసీజీ తీసిన యంత్రం సుమారు 270 కిలోలు. దాన్ని నడపడానికి ఐదుగురు కావాలి. రోగి చేతులూ కాలూ ఉప్పునీటి తొట్లలో పెట్టి కూర్చోవాలి. 1940ల చివర్లో అమెరికాలోని మోంటానాలో నార్మన్ హోల్టర్ దాన్ని వీపు మీద మోసుకుపోయేలా చేశారు. ఆ మూట బరువు 38 కిలోలు. ఇవాళ రోజంతా ఛాతీకి కట్టుకునే హోల్టర్ పరీక్ష పేరు ఆయనదే. అక్కడి నుంచి చొక్కాలోకి రావడానికి మరికొన్ని దశాబ్దాలు పట్టింది. కెనడాలో మాంట్రియల్‌కు చెందిన హెక్సోస్కిన్ చొక్కా ఈసీజీతో పాటు ఊపిరినీ కొలుస్తుంది. వాళ్ల చొక్కా ఆధారంగా తయారైన బయో మానిటర్‌ను 2019లో డేవిడ్ సెయింట్ జాక్ అనే వ్యోమగామి అంతరిక్ష కేంద్రంలో తొడుక్కున్నారు.

గుండె పుట్టించే కరెంటు చర్మం మీదికి వచ్చేసరికి ఒక మిల్లీవోల్టు, అటూ ఇటూగా. బట్ట పిసరంత జారినా, భుజం కండ కదిలినా ఆ చప్పుడులో గుండె చప్పుడు మునిగిపోతుంది. ఆసుపత్రిలో జిగురు బిళ్లలు అంటించేది అందుకే. చొక్కాకు జిగురు ఉండదు కాబట్టి ఒంటికి అతుక్కుపోయేంత బిగువుగా ఉండాలి. లోపల వెండి పూసిన నైలాన్ దారంతో అల్లిన పట్టీలు చర్మాన్ని అంటుకోవాలి. విచిత్రమేమిటంటే చెమట ఇక్కడ మేలు చేస్తుంది, తడి చర్మం మీద కరెంటు బాగా అందుతుంది. ఊపిరిని కొలవడం దీనికన్నా తేలిక. పాము నడకలా మెలికలు తిప్పిన సన్నటి తీగను ఛాతీ చుట్టూ, పొట్ట చుట్టూ కుడతారు. ఊపిరి పీల్చినప్పుడల్లా మెలికలు సాగి, తీగచుట్ట విద్యుత్ గుణం మారుతుంది. వాచీ ఇంత నేరుగా చేయలేని పని ఇది. ఉబ్బసం ఉన్నవాళ్లకూ, నిద్రలో ఊపిరి ఆగేవాళ్లకూ చొక్కా చేయగల మేలు ఇక్కడే ఉందని నాకు అనిపిస్తుంది. ఊరికే గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో తెలియడానికైతే చొక్కా అక్కర్లేదు, మణికట్టు చాలు.

ఆ తర్వాత ఉతకాలి. 2017లో గూగుల్, లీవైస్ కలిసి 350 డాలర్ల జాకెట్ తెచ్చాయి. చేతి అంచును నిమిరితే ఫోన్‌లో పాట మారేది. అది తట్టుకునేది 10 ఉతుకులని వాళ్లే చెప్పారు. మన ఎండలకు రోజు విడిచి రోజు ఉతికే ఇంట్లో 10 ఉతుకులంటే 20 రోజులు. పైగా మా పెరట్లో ఉతుకుడు బండ ఉంది. సబ్బు రుద్ది, బ్రష్‌తో గీకి, బండకేసి బాది, మెలిపెట్టి పిండి, నిప్పులు చెరిగే ఎండలో ఆరేస్తారు. వెండి పూత ఇందులో ఏ మెట్టు దగ్గరైనా రాలిపోవచ్చు. అంతకన్నా ముందు తెగేది మెత్తటి దారమూ గట్టి సర్క్యూటూ కలిసే ముడి. జాకెట్టు టిచ్ బటన్ చుట్టూ బట్ట ముందుగా చిరుగుతుందే, అలాంటిదే ఇదీ. అందుకే తయారీదారులు యంత్రభాగాన్ని ఊడదీసి ఉతకమంటారు. ఊడదీసింది మళ్లీ పెట్టడం రెండో వారం నుంచి ఎవరికి గుర్తుంటుంది? ఈ రంగంలో అసలు పరీక్ష ప్రయోగశాలలో జరిగేది కాదు, పెరట్లో బండ మీద జరిగేది. ఆ బండ ముందు గెలిచిన బట్టను చేసిన వాడికి నేను చేతులెత్తి దండం పెడతాను.

గంట మోగితే ఎవరు లేస్తారు

బెంగళూరులో బెంపు అనే సంస్థ తయారు చేసిన వస్తువు పసిబిడ్డ ముంజేతికి కట్టే చిన్న పట్టీ. నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టిన బిడ్డల ఒళ్లు ఇట్టే చల్లబడిపోతుంది. ఒంటి వేడి సరిగా ఉన్నంతసేపూ పట్టీ మీద నీలి దీపం మిణుకుమంటుంది. 36.5 డిగ్రీల కన్నా పడిపోతే నారింజ దీపం వెలిగి, బీప్ మంటుంది. ఫోన్ అక్కర్లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు, చదువు రాకపోయినా పరవాలేదు. ఛార్జింగ్ గొడవా లేదు, నెల రోజుల దాకా పనిచేసి ఆగిపోతుంది. బీప్ వినగానే తల్లి చేయాల్సింది ఒక్కటే: బిడ్డను రొమ్ముకు హత్తుకుని, ఒంటికి ఒళ్లు తగిలేలా పడుకోబెట్టుకోవడం. కంగారూ పద్ధతి అని మన ప్రసూతి వార్డుల్లోనూ నేర్పుతున్నది అదే.

బ్రాండ్ గ్లౌజు ఓడిపోయిన చోట ఈ పట్టీ గెలిచింది. ఎందుకు? ఇక్కడ గంట మోగేది తల్లి చెవిలో. ఆమె స్విచ్ ఆపి పడుకోదు. మందు ఆమె దగ్గరే ఉంది. ఆమె ఒంటి వేడే మందు.

ఇలాంటిదే అయినా నిండు ఆరోగ్యంతో ఉన్న బిడ్డకు కట్టేది వేరే సంగతి. అమెరికాలో ఓలెట్ అనే సంస్థ బిడ్డ పాదానికి తొడిగే సాక్సును గుండె, ఆక్సిజన్ చూసేందుకని ఏళ్లపాటు అమ్మింది. అనుమతి లేని వైద్య పరికరమంటూ అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ 2021 అక్టోబరులో హెచ్చరిక లేఖ పంపితే అమ్మకం ఆపాల్సొచ్చింది. తర్వాత పరీక్షలకు నిలిచి, 2023 నవంబరులో అనుమతి తెచ్చుకుంది. అనుమతి వచ్చినా, నిద్రలో హఠాత్తుగా వచ్చే శిశుమరణాలను ఆపడానికి ఇంటి మానిటర్లను నమ్ముకోవద్దనే అక్కడి పిల్లల వైద్యుల సంఘం చెబుతోంది. రాత్రికి మూడుసార్లు వట్టిపుణ్యానికి గంట మోగితే తల్లికి నిద్ర పోతుంది, నాలుగోసారి నిజంగా మోగినా నమ్మకం పోతుంది. మన దేశంలోనూ 2020 ఏప్రిల్ నుంచి వైద్య పరికరాలన్నీ, వాటి సాఫ్ట్‌వేర్‌తో సహా, ఔషధ చట్టం కిందికి వచ్చాయి. బజార్లో "హెల్త్" అని రాసి అమ్మే ప్రతి పట్టీనీ పరీక్షకు నిలిచిన పరికరం అనుకోకండి. కొనేముందు అడగండి.

కేరళ త్రిస్సూరులోని సి-మెట్ సంస్థ శాస్త్రవేత్త ఎ. సీమ బృందం చేసినది నాకు ఇంకా ఇష్టం. రొమ్ము క్యాన్సర్‌ను ముందే అనుమానించడానికి, ఉష్ణోగ్రత సెన్సర్లు అమర్చిన లోదుస్తు లాంటి తొడుగు. గడ్డ ఉన్న చోట వేడిలో తేడా వస్తుందన్న సూత్రమే ఇక్కడా. రేడియేషన్ లేదు, నొప్పి లేదు, ఇంకొకరు తాకాల్సిన పని లేదు. దీనికి ఆమె 2018 సంవత్సరపు నారీశక్తి పురస్కారం అందుకున్నారు. తేడా కనిపిస్తే మామోగ్రామ్‌కూ ముక్క పరీక్షకూ వెళ్లాల్సిందే, తొడుగే తుది మాట కాదు. కానీ సిగ్గుతో పరీక్షకే రాని మా అత్తలాంటి ఆడవాళ్లను గుమ్మం దాటించడం చిన్న సంగతి కాదు. దాన్ని రోజూ ఉతకాల్సిన పనీ లేదు, కాసేపు తొడుక్కుని తీసేసేది.

ఎండలో పనిచేసేవాళ్ల గురించి కూడా చెప్పాలి. 2015 మేలో వడగాడ్పులకు తెలుగు రాష్ట్రాలు రెండింట్లో కలిపి పదిహేను వందల మందికి పైగా చనిపోయారు. కూలివాళ్లు, ముసలివాళ్లు. ఒంటి వేడీ గుండె వేగమూ చూసి "ఇక నీడకు వెళ్లు" అని హెచ్చరించే బనియన్ తయారు చేయడం ఇవాళ కష్టమేమీ కాదు. కానీ శ్లాబు పోస్తుండగా అది మోగితే కూలివాడు తట్ట దించి నీడకు పోగలడా? ఆ పూట కూలి కోస్తే? స్విచ్ ఆపి పని చేసిన కార్‌విల్ రోగులే గుర్తొస్తారు. ఆ బనియన్‌తో పాటు నీడా, నీళ్లూ, కోత పడని కూలీ కూడా కుట్టి ఇవ్వాలి. లేదంటే ఆ అంకెలు కూలివాడిని కాపాడవు, ఎవరు నెమ్మదిగా పనిచేస్తున్నారో పెద్దమేస్త్రీకి పట్టిస్తాయి. మన గుండె లెక్కలు ఎవరి చేతికి పోతున్నాయన్నది కూడా ఇలాంటి ప్రశ్నే. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సమాచారం తీసుకునే ముందు చాలా సందర్భాల్లో మన సమ్మతి అడగాలంటుంది. ఉద్యోగం ఇచ్చేవాడు అడిగే సమ్మతికి కాదనగలిగే ధైర్యం కూలివాడికి ఉండాలి కదా.

అత్త చెయ్యి

మామ వేలు పోయి ఆరేళ్లు. రోజూ రాత్రి భోజనాలయ్యాక ఆయన మంచం మీద కాళ్లు చాపుతాడు. అత్త దీపం కిందికి జరిగి పాదాలు ఒళ్లో పెట్టుకుంటుంది. వేళ్ల సందులు విడదీసి చూస్తుంది. ఆనెకాయ కట్టిన చోట బొటనవేలితో నొక్కి చూస్తుంది. తర్వాత అరచేతిని తిరగేసి, వెనకభాగాన్ని ఎడమ అరికాలికి ఆనించి, అదే చోట కుడి అరికాలికి ఆనిస్తుంది. మడమ, నడిమి పాదం, వేళ్ల మొదళ్లు. ఆమెకు ఎవరూ 2.2 డిగ్రీలని చెప్పలేదు. ఆసుపత్రిలో నర్సు చేసి చూపిస్తే నేర్చుకుంది. చేతికి అందని తేడాలు ఉంటాయి, సెన్సర్‌కు అందుతాయి. నాకూ తెలుసు.

పోయిన మాఘమాసంలో, పెళ్లిళ్ల చీరల పని నెత్తి మీద ఉండగా, ఒక రాత్రి ఆమె చెయ్యి కుడి పాదం మీద ఆగిపోయింది. మళ్లీ ఎడమది పట్టుకుంది. మళ్లీ కుడిది. "ఈ కాలు ఎచ్చగుంది" అంది. మామ చీర ఇచ్చే రోజు దగ్గరపడిందని, ఏమీ కాలేదని, తెల్లారి చూద్దామని ఏదేదో చెప్పాడు. ఆమె మాట్లాడలేదు. లేచి వెళ్లి మగ్గం గది తలుపు గొళ్లెం పెట్టి, తాళం చెవి కొంగున ముడేసుకుంది.

మర్నాడు డాక్టరమ్మ చూసి, లోపల నలిగింది కానీ చర్మం తెగలేదంది. చెప్పు అట్ట మార్పించి, బరువు పడకుండా ఉండమంది. పదకొండు రోజులు మగ్గం చప్పుడు లేదు. సగం నేసిన చీర అలాగే పడుగు మీద ఉంది. ఆకుపచ్చ ఒళ్లు, ఎర్రంచు, అంచులో జరీ. పన్నెండో రోజు పొద్దున అత్త రెండు పాదాలూ పట్టి చూసి, కొంగు ముడి విప్పింది.